మెరుపు లేని సంచి

గని కార్మికుడు భూపాల్ కూతురు దీపకు డెంగీ. గోదావరిఖని బ్లడ్ బ్యాంకులో నిల్వ లేక, అతను కరీంనగర్ నుంచి ప్లేట్‌లెట్ల సంచిని ఐసుగడ్డల మధ్య భద్రంగా తెచ్చాడు. ఇక్కడి బ్లడ్ బ్యాంకు టెక్నీషియన్ రాజకుమారి దానిని వెలుగుకెత్తి మెల్లగా ఊపింది. బతికున్న కణాలైతే సుడులు తిరుగుతూ మెరవాలి; ఇందులో ఆ మెరుపే లేదు.

"ఇది ఎక్కియ్యనియ్య కాకా. ఐసుకు పాడైంది."

"రక్తం ఐసులనే తెస్తరు గద! దవాఖాన పెద్దసారుకు చెప్తే నీ నౌకరీ ఉండది."

"చెప్పుకో. గనిల పైకప్పు కొట్టిచూస్తే కూలేటట్టు బోలు చప్పుడొచ్చిందనుకో, సారు చెప్పిండని దానికింద నిలవడ్తవా?"

భూపాల్ బయటికి నడిచాడు. ఐసు పారబోసి వచ్చాడు.

"ఇంకోటి తెస్త. ఎట్ల తేవాలె బిడ్డా?"

"ఐసు రక్తానికే, వీటికి వద్దు. ఒళ్లె పెట్టుకొని ఊపుకుంట తే. తెచ్చినంక మళ్ల చూసే ఇస్త."