మీసం చాటు మాట

"పాటకి వెళ్దామా?" అని అడిగాను.

సోఫాలో కూర్చుని బట్టలు మడతపెడుతున్న మా ఆవిడ ప్రభావతి తలెత్తి నా ముఖంలోకి ఓ క్షణం చూసింది.

"ఇప్పుడెందుకు? పోయిన నెలేగా కొన్నాం. అబ్బాయి కాళ్ళింకా పెరగలేదు. అంతగా వెళ్ళాలంటే పాయా లేబర్‌కి పోదాం, అక్కడి మాల్‌లో పెద్ద షాపుంది," అంది.

నేను నాలుగు టికెట్లు వీపు వెనక దాచుకుని నిలబడ్డాను. పాయా లేబర్‌లో కాన్సర్ట్ ఏమిటి? పాటకీ, మా అబ్బాయి అభిజిత్ కాళ్ళకీ సంబంధం ఏమిటి? కాసేపటికి వెలిగింది. నేను పాట అన్నాను. ఆవిడకి బాటా వినిపించింది. చెప్పుల కొట్టు!

అప్పుడే గదిలోంచి వచ్చిన మా అమ్మాయి ఉదయశ్రీ నా వెనక చేతిలోని టికెట్లు చూసి ఎగిరి గంతేసింది. వాళ్ళమ్మ ముందుకెళ్ళి, "అమ్మా! టిన్ మాన్సూన్ లా! నీ బ్యాండ్! ఇక్కడికే వస్తున్నారు!" అంది. ఈ దేశంలో పెరిగిన పిల్లలు గదా, మాట చివర ఓ 'లా' తోక తగిలిస్తారు.

ప్రభావతి ఒళ్ళోని బట్టలన్నీ నేలపాలయ్యాయి. "నిజంగానా?" అని కూతుర్ని వాటేసుకుంది.

చూశారా. అదే సంగతి నేను చెబితే బూట్లు, పిల్ల చెబితే పాట. నా బాధ అక్కడుంది.

నేను జురాంగ్ ఐలాండ్‌లో ఓ రసాయనాల ప్లాంటులో కంప్రెసర్ల పక్కన పనిచేస్తాను. అక్కడ అరిస్తేనే మాట. ఆ అలవాటు యీషున్‌లోని మా ఫ్లాట్ దాకా వచ్చేసింది. నేను గుసగుసలాడితే కింది అంతస్తు అంకుల్ తలుపు తీసి పైకి చూస్తాడు. ఇక శ్లేష అంటారా, అది నాకు శ్లేష్మం లాంటిది. పొద్దున లేవగానే వస్తుంది, ఆపితే ఊపిరాడదు. ఇంగ్లీషులో దాన్ని పన్ అంటారు. మా ఇంట్లో పన్ను అంటారు, ఎవరూ ఎగ్గొట్టలేరు గనక.

కాకినాడ కాలేజీలో నా శ్లేషలకి నవ్విన ఏకైక సహపాఠి ప్రభావతి. ఆవిడ నవ్వు మామూలుది కాదు. ముందు ఎక్కిలిలాంటి చిన్న శబ్దం, ఆ తర్వాత పక్కన ఏదుంటే దాన్ని దబదబా బాదడం. ఆ రోజుల్లో పక్కనున్నది నా భుజం. ఆ దెబ్బలకే పెళ్ళి చేసుకున్నాను. టిన్ మాన్సూన్ కూడా అప్పటిదే. హాస్టల్లో ఒకే ఒక్క క్యాసెట్టు, దాన్ని అరిగిపోయేదాకా విని, డాబా ఎక్కి గొంతు చించుకుని పాడేది.

ఏడాదిన్నరగా నా భుజం మీద దెబ్బ పడలేదు. నేను ఏం విసిరినా "ఊఁ" అంటుంది, లేకపోతే నా ముఖం వంక అదోలా చూసి అవతలికి వెళ్ళిపోతుంది. పిల్లలతో మాత్రం కబుర్లే కబుర్లు. అంటే అర్థం ఏమిటి? ఇన్నేళ్ళకి నేనంటే విసుగు పుట్టింది. విసుర్లు విసుగ్గా మారాయి. ఈ టికెట్లు కొన్నది అందుకే. ఆవిడకి ప్రాణమైన చోట, ప్రాణమైన పాట మధ్యన, ఒక్కసారి ఆ నవ్వు తెప్పించాలి. ఆ దెబ్బ మళ్ళీ నా భుజానికి తగలాలి. తగలకపోతే? ఆ సంగతి ఆలోచించదలచుకోలేదు.

శనివారం సాయంత్రం యీషున్‌లో రైలెక్కిన దగ్గర్నుంచీ మొదలుపెట్టాను. "రాక రాక వచ్చింది రాక్!" అన్నాను. ఊఁ. "గిటారు గీరేవాడు హుషారు, వినేవాడు బేజారు!" అన్నాను. ఊఁ కూడా లేదు, కిటికీలోకి చూసింది. మధ్యలో రైలు మారి వెళుతుంటే పాయా లేబర్ వచ్చింది. "బాటా వచ్చింది, దిగుదామా?" అన్నాను. ఎదురు సీట్లోని చైనా బామ్మ నా గొంతుకి ఉలిక్కిపడింది. మా ఆవిడ మాత్రం ఉలకలేదు.

"డాడీ, వాల్యూమ్ లా. అందరూ చూస్తున్నారు," అన్నాడు అభిజిత్.

స్టేడియం దగ్గర తిండి తినేటప్పుడు ప్లాంటు నుంచి తెచ్చిన చెవి బిరడాలు తలా ఒక జత పంచాను. పిల్లలు తీసుకున్నారు. ప్రభావతి వెనక్కి తోసేసింది.

"నాకొద్దు. నేను వినడానికి వచ్చాను," అంది. అన్న తీరు చూసి నేను రెట్టించలేదు.

లోపల సంగతి ఏం చెప్పను! దీపాలారిపోయి మొదటి డ్రమ్ము పడేసరికి నా పక్కటెముకలు కదిలాయి. బిరడాలున్నా కంప్రెసర్ల కంటే రెండాకులు ఎక్కువే. నేను చేసిన మొదటి శ్లేష నాకే వినపడలేదు. పన్నెండు వేలమంది జనంలో ఎవరికీ ఎవరి మాటా అందడం లేదు. అందరూ చెవి దగ్గర నోరు పెట్టి అరుచుకుంటున్నారు, అర్థంకాక చేతులు తిప్పుకుంటున్నారు.

మా ఆవిడ తప్ప.

అటు చివరి సీట్లోంచి ఉదయ ఏదో అంది. ప్రభావతి సంచిలోంచి మంచినీళ్ళ సీసా తీసి అందించింది. అభిజిత్ ఏదో అన్నాడు. "మెట్లు దిగి ఎడమపక్క," అని చేత్తో చూపించింది. నడవలో నిలబడ్డ కుర్ర ఉద్యోగి దూరం నుంచే ఏదో అడిగితే మా టికెట్లు తీసి చూపించింది. ముందు వరసలో ఒకామె వెనక్కి తిరిగి పెదవులు కదిపితే, ఈవిడ తల అడ్డంగా ఊపి ఏదో చెప్పింది, ఇద్దరూ నవ్వుకున్నారు. ఊరంతా చెవిటిదైపోతే ఈవిడొక్కతే హాయిగా కాపురం చేసుకుంటున్నట్టుంది.

ఇంతలో మూడో పాటో నాలుగో పాటో. పెద్ద తెర మీద గాయకుడి ముఖం కనిపించింది. అతను మైకు పక్కకి జరిపి, డ్రమ్ములవాడి వైపు తిరిగి ఏదో అన్నాడు. ఒక్క అక్షరం బయటికి రాలేదు.

ఎక్కిలిలాంటి చిన్న శబ్దం... వినపడలేదు గానీ ఆవిడ భుజాల్లో చూశాను. ఆ తర్వాత దబదబా దెబ్బలు. నా భుజం మీద కాదు, కుర్చీ చెయ్యి మీద! ఏడాదిన్నర నేను పడ్డ పాట్లకి రాని నవ్వు, ఎక్కడివాడో, ఎవరికీ వినపడకుండా అన్న మాటకి వచ్చింది. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది.

"ఏమన్నాడు?" అని అరిచాను.

నా వంక చూసింది. అర్థం కాలేదు. ఇంకా గట్టిగా అరిచాను. ముందు వరస వెనక్కి తిరిగింది గానీ ఆవిడకి అందలేదు. అప్పుడు చెయ్యి చాచి, రెండు వేళ్ళతో నా గుబురు మీసం పైకెత్తి పట్టుకుంది.

"ఇప్పుడు చెప్పు," అంది.

"ఏమన్నాడు?" అన్నాను మళ్ళీ. ఆవిడ కళ్ళు నా కళ్ళ మీద లేవు. నా పెదవుల మీదున్నాయి. ఎంతకాలంగా అక్కడున్నాయో అప్పుడు తట్టింది.

"ప్యాంటు చిరిగిందట! వెనకపక్క!" అని ఆవిడ నా చెవిలో అరిచింది.

ఆ పాట అయ్యేదాకా గాయకుడు జనానికి వీపు చూపించలేదు. అయ్యాక ఎండ్రకాయలా పక్కకి నడుచుకుంటూ తెర వెనక్కి వెళ్ళిపోయాడు.

కచేరీ ముగిసి దీపాలు వెలిగాయి. జనం మెట్లు దిగుతున్నారు. మేం నలుగురం కుర్చీల్లోనే ఉండిపోయాం. నేను బిరడాలు తీశాను. పిల్లలు నన్నూ వాళ్ళమ్మనీ మార్చి మార్చి చూస్తున్నారు.

"కుడి చెవి ముందు పోయింది. ఎడమది ఇప్పుడిప్పుడే," అంది ప్రభావతి. "డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. లోపలి ఎముక బిగుసుకుంటోందట. మిషన్ పెట్టుకుంటే బాగానే వినపడుతుందన్నారు. పెట్టుకుంటాను. ఈ బ్యాండ్‌ని మాత్రం ఒక్కసారి ఉత్త చెవులతో వినాలనుకున్నా."

"వినపడిందా అమ్మా?" అంది ఉదయ.

"డ్రమ్ములు మొత్తం. గిటారు సగం. మిగతాది నాకు ముందు నుంచీ వచ్చుగా."

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను. ఈసారి మీసం నేనే ఎత్తి పట్టుకున్నాను.

"నువ్వు దాని మీద జోకులేస్తావని," అంది.

వేసేవాణ్ణే. ఆ సంగతి నాకూ తెలుసు, పిల్లలకీ తెలుసు. చెవి మీద, చెవుడు మీద, మిషన్ మీద ఒక్క పూటలో పాతిక అల్లేసేవాణ్ణి. పక్కింటివాళ్ళకీ పంచేవాణ్ణి. ఆవిడ నవ్వాలని ఇంట్లో అన్నిటినీ నవ్వులాటగా మార్చి, నవ్వులాట కాకూడని ఒక్క సంగతి చెప్పుకోవడానికి ఆవిడకి చోటు లేకుండా చేశాను. నాలిక చివరికి ఒకటి రానే వచ్చింది. మింగేశాను. చేదుగా ఉంది.

"మరి ఆ రోజు బాటా ఏంటి?" అన్నాడు అభిజిత్. "డాడీ పాట అంటే నువ్వు నా బూట్ల గురించి ఏదో అన్నావంట!"

"పాట అన్నాడా?" ప్రభావతి నా వంక తిరిగింది. "ఇన్నాళ్ళూ నాకు తెలీనే తెలీదు! చూడండర్రా. పాట, బాట, మాట. అనండి ఒకసారి."

పిల్లలిద్దరూ ఒకరి ముఖంలోకి ఒకరు చూసుకుంటూ గొంతు లేకుండా అన్నారు. పాట. బాట. మాట.

"ఓ! అన్నీ సేమ్!" అన్నాడు వాడు.

"పెదాలు మూడిటికీ ఒకేలా మూసుకుంటాయి. మీ ముఖాలైతే బాగా కనపడతాయి కాబట్టి ముందూ వెనకా చూసి పట్టేస్తాను. మీ నాన్నవి ఆ మాత్రమూ కనపడవు. పొదలో పిట్ట అరిచినట్టు ఎక్కడో ఏదో కదులుతుంది. నవ్వమంటే ఎక్కడ నవ్వను?"

"రేపే గీయించేస్తా," అన్నాను, మీసం వదలకుండా.

"గీయించకు. కత్తిరించు చాలు," అంది. లేచి చీర కుచ్చెళ్ళు దులుపుకుంది. "ఇప్పుడు చెప్పు, రైల్లో దారంతా ఏమన్నావు?"

అన్నీ చెప్పాను. ఒక్కొక్కటీ, నెమ్మదిగా, ముఖం ఎదురుగా పెట్టి. రాక రాక రాక్‌కి పెదవి విరిచింది. గిటారుకి "ఛీ" అంది. పాయా లేబర్‌లో బాటా దిగుదామా అన్న దగ్గర ఆవిడ భుజాలు చిన్నగా ఎగిరాయి.

నేను నా భుజం ముందుకు జరిపాను.