సుద్దముక్కతో రాసిన పోస్టరు

విన్నీ ఒక శనివారం పొద్దున పోయింది. ఎక్కువ బాధపడలేదని డాక్టరు చెప్పాడు. ఆ సాయంత్రం హామర్‌స్మిత్ రైలు స్టేషను ముందు, ఆమె ప్రతివారం ఆడవాళ్ళ ఓట్ల పేపరు అమ్మే మూల ఖాళీగా ఉండిపోయింది. పక్కనే గుర్రప్పందేల పేపరు అమ్మే కాబ్, వీధిదీపం తెల్లవార్లూ వెలిగేది ఆ మూలలోనేనని ఎప్పటినుంచో కన్నేసి ఉన్నాడేమో, తన స్టూలు అక్కడికి జరుపుకున్నాడు.

విన్నీ అక్క హెస్టర్ బడిలో టీచరు. చెల్లెల్ని తిరిగి తెచ్చుకోలేనని ఆమెకు తెలుసు. మూలనైనా నిలబెట్టుకుందామనుకుంది. పై శనివారం వెళ్ళి, "స్టూలు తీస్తారా, ఇది మా చెల్లి చోటు" అంది. కాబ్ తీశాడు. తీసి, చెయ్యి చాస్తే అందేంత దూరంలోనే పెట్టుకున్నాడు.

ఆడవాళ్ళకు ఇంకా ఓటు లేని రోజులవి. ఓటు కావాలనే ఈ పేపరును కాలిబాట మీద నిలబడి అమ్మడానికి లేదు. దారికి అడ్డమని పోలీసులు పట్టుకుపోతారు. అందుకని అమ్మేవాళ్ళంతా కాలిబాట గట్టు దిగి, వాననీళ్ళూ గుర్రపు పేడా పారే రోడ్డువారన నిలబడతారు. మెడలోంచి ఆ వారం పోస్టరు వేలాడుతూ ఉంటుంది. విన్నీ తన పోస్టర్లు తనే గీసుకునేది. ఆమె మంత్రిగారి బొమ్మకు పెట్టే ముక్కు చూడ్డానికే జనం ఆగేవాళ్ళు.

హెస్టర్‌కి బొమ్మలు రావు. వీధిలో గొంతు లేవదు. పేపర్లు గుండెకు ఆనించుకుని ఊరికే నిలబడేది.

"ఏమ్మా, పేపర్లు అమ్ముతున్నావా, వాటికి కాపలా కాస్తున్నావా?" అంది పూలబుట్ట ముసలమ్మ నెల్.

"కావలసినవాళ్ళు అడుగుతారు కదండీ."

"అడుగుతారు, అడుగుతారు! నీలాగా నోరు కుట్టేసుకుని కూర్చుంటే ఈ పూలన్నీ నా గోరీ మీదకే." అనేసి నాలిక కరుచుకుంది. "ఏమనుకోకమ్మా. పాడు నోరు."

"ఏమీ అనుకోలేదు" అంది హెస్టర్. ఆ మాటకు నవ్వు వచ్చినందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది.

ఈ పేపరు నడిపే ఆడవాళ్ళ సంఘం కొట్టు చూసుకునే మిసెస్ క్విల్టర్, విప్పకుండా తిరిగొచ్చిన పేపర్ల కట్ట చూసి మెత్తగానే చెప్పింది. "ఈ శనివారమూ ఇంతే అయితే ఆ మూల వదిలేద్దాం హెస్టర్. నిన్ను ఇక్కడ కూర్చోబెడతాను. పొయ్యి కూడా ఉంది, వెచ్చగా ఉంటుంది."

హెస్టర్‌కి పొయ్యి అక్కర్లేదు. శుక్రవారం బడి వదిలాక పెద్ద నల్ల అట్ట ముందేసుకుని, తనకు చేతనైన పని చేసింది. బోర్డు మీద రాసినట్టే, సుద్దతో గుండ్రటి అక్షరాల్లో ఒక లెక్క రాసింది.

'ఒక వితంతువుకు సొంత ఇల్లుంది. పన్ను కడుతుంది. ఆమె తోటమాలి ఆమెకే అద్దె కట్టి పక్క ఇంట్లో ఉంటాడు. పార్లమెంటు ఓటు ఎవరికి?'

శనివారం నిజంగానే జనం ఆగారు. ఒక గుమాస్తా పెదాలు కదుపుతూ చదివాడు. ఒకావిడ పేపరు కొనుక్కుంది. అంతలో జల్లు మొదలైంది. ఇన్నేళ్ళూ నాలుగు గోడల మధ్య రాసిన మనిషి కదా, సుద్ద వానకు ఆగదని ఆమెకు తోచనే లేదు. ముందు వితంతువు కారిపోయింది, తర్వాత తోటమాలి. లెక్కంతా తెల్లటి ధారగా గౌను మీదికి దిగింది.

"ఏంటి టీచరమ్మా, పాలు ఒలకబోసుకున్నావా?" అని కేకేశాడు కాబ్. చుట్టూ నవ్వులు. "ఇంక ఇంటికెళ్ళి వంట చూసుకో తల్లీ!" అంటూ స్టూలు చేతిలోకి తీసుకున్నాడు.

ఆ స్టూలు చూశాక హెస్టర్‌కి గొంతు వచ్చింది. చివరి బెంచీ వరకూ వినిపించే గొంతు.

"వంట పొద్దున్నే అయిపోయింది. అట్ట చెరిగిపోయింది కనక లెక్క నోటితో చెబుతాను. కాబ్, స్టూలు కింద పెట్టు. టోపీ తియ్యి."

కాబ్ ఎందుకో తెలియకుండానే రెండూ చేశాడు. నెల్ పూలబుట్ట మీద వాలిపోయి నవ్వింది. హెస్టర్ లెక్క మొదటినుంచీ చెప్పి, "ఇప్పుడు చెప్పు, ఓటు ఎవరికి?" అంది.

"తోటమాలికి."

"ఒప్పు. ఎందుకు?"

కాబ్ బుర్ర గోక్కున్నాడు. "ఎందుకంటే... వాడు మగాడు గనక?"

"అదీ ఒప్పే. బాగుందా?"

"నన్నడుగుతావేంటి? నేను పెట్టానా ఆ రూలు!"

"నువ్వు పెట్టలేదోయ్, ఒప్పుకున్నావు" అన్నాడు గుమాస్తా వెనకనుంచి. జనం గొల్లుమన్నారు. గుంపు పెరిగింది. కానిస్టేబుల్ రొప్పుతూ వచ్చాడు.

"అమ్మా, ఈ గుంపు దారికి అడ్డం వస్తోంది."

"నేను గట్టు కిందే ఉన్నానండీ" అంది హెస్టర్, బూట్లలో నీళ్ళు చూపించి. "పైన అడ్డంగా నిలబడ్డది పెద్దమనుషులు. ఓట్లున్నవాళ్ళు. వాళ్ళతో మాట్లాడండి."

అతను గట్టువైపు చూశాడు, నీళ్ళవైపు చూశాడు, చివరికి తనూ ఒక పేపరు కొనుక్కున్నాడు. "మా ఆవిడకి" అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

కట్ట అయిపోయింది. కాబ్ స్టూలు తన పాత చోటుకే పోయింది.

"మూల నీదేనమ్మా" అంది మిసెస్ క్విల్టర్, ఆ గౌను చూసి నవ్వాపుకుంటూ. "వచ్చేవారం మాత్రం రంగుతో రాయి."

"సరే" అంది హెస్టర్.

రంగుతో రాయాలంటే కుంచెలు కావాలి. అవి విన్నీ గదిలో కిటికీ పక్కన, ఆమె చివరిసారి ముంచి పెట్టిన సీసాలోనే ఉన్నాయి. హెస్టర్ వాటిని ఇంకా కడగలేదు.