ఝాన్సీ కంటిలో నా రంగు

అది నా రంగే. ఎంత కాదనుకున్నా నా రంగే. ఇంకెవరిదైనా కావచ్చు కదా అని కూడా ఆలోచించాను. కరెంటు తీగది కావచ్చు, పూజలో ఉద్ధరిణిది కావచ్చు, ఎవరి మెడలోనో వేలాడే తాయెత్తుది కావచ్చు. తప్పు తన మీదికి వచ్చేటప్పుడు లోకంలో ఇంకెంతమంది ఉన్నారో వెతుక్కోవడం మనుషుల దగ్గర నేర్చుకున్న అలవాటు. కానీ ఆ గదిలో, ఆ తెర మీద, పదిహేడేళ్ళ పిల్ల కంటి నల్లగుడ్డు అంచున సన్నటి ఉంగరంలా చుట్టుకుని ఉన్నది, చింతపండుతో తోమాక నా ఒంటి మీద మెరిసే రంగే.

నేను ఒక రాగి చెంబును. పొట్ట గుండ్రం, మెడ సన్నం, అడుగున ఒక సొట్ట. ఇప్పుడు పెడనలో ఒక డాబా ఇంట్లో అటక మీద బోర్లించి ఉన్నాను. బోర్లించిన చెంబుకి చేయడానికి పనేమీ ఉండదు. లోపలంతా చీకటి. నీళ్ళయితే ఒలికిపోయేవి, ఆలోచనలు ఒలికిపోవు.

నాకు ముందు జన్మ ఒకటుంది. అప్పుడు నేను కలంకారీ అద్దకం షెడ్డులో బట్టలు ఉడికించే పెద్ద డేగిసాని. అడుగు చిల్లుపడితే ముక్కలు కోసి కంచరికి ఇచ్చారు. వీరబ్రహ్మం అనే ఆ కంచరి నన్ను మూడు రోజులు కొట్టాడు. రెండో రోజు ఇంట్లో ఏదో గొడవపడి వచ్చాడు. అందుకే నా పొట్టకి ఒకవైపు సుత్తిదెబ్బలు లోతుగా ఉంటాయి. మనుషులు వాటిని నిమిరి, చేతిపని అందం వేరు అంటారు.

నన్ను కొన్నది ముత్యాలమ్మ తల్లి. కూతురు కాపురానికి వెళ్తుంటే సామానుతోపాటు నన్నూ ఇచ్చి, "రాత్రి నీళ్ళు పోసిపెట్టి పొద్దున్నే పరగడుపున తాగండే. నరాలకి బలం" అన్నది. అప్పటికి ముత్యాలమ్మకి పదిహేడేళ్ళు. ఇప్పుడు అరవై. ఈ మధ్యలో మగ్గాలు మూలపడ్డాయి, భర్త పోయాడు, ఇంట్లోకి డబ్బా నీళ్ళు వచ్చాయి. నేను మాత్రం ఎక్కడికీ పోలేదు. డబ్బా నీళ్ళనే తెచ్చి నాలో పోసేది.

కూతురు ధనకుమారిని ఆవిడ తన సొంత తమ్ముడు పైడేశ్వరరావుకే ఇచ్చి చేసింది. "బయటివాళ్ళయితే సవాలక్ష అడుగుతారు. మనవాడైతే అడిగేదేముంది?" అన్నది. ఆ మాటలో ఒక భయం ఉందని అప్పుడు నాకు తోచలేదు. పెళ్ళయ్యాక ఆవిడ ఆ ఇంట్లో ఒకరికి తల్లి, ఇంకొకరికి అక్క. పెత్తనానికి అంతకంటే గట్టి పునాది ఉండదు. ఇద్దరు మనవరాళ్ళు పుట్టారు, ఝాన్సీ, దాని తర్వాత ఎనిమిదేళ్ళకి లాస్య. లాస్య నన్ను చూస్తే పారిపోయేది, నీళ్ళు ఇనుప వాసనంటూ. రాగికి ఇనుప వాసనేమిటని నాకు కాస్త కోపం వచ్చేది. ఝాన్సీ మాత్రం బుద్ధిగా తాగేది. రెండు చేతులతో నన్ను ఎత్తి, పెదవి తగలకుండా నోట్లోకి ధార పోసుకునేది. ఒక్క చుక్క బయట పడేది కాదు.

పదో తరగతి అయ్యాక ఝాన్సీ షెడ్డులో తండ్రి పక్కనే అద్దకం బల్ల దగ్గర నిలబడింది. అద్దకంలో కష్టమంతా రెండో అచ్చుదే. ముందు నల్ల రంగులో ముంచిన చెక్క అచ్చుతో పువ్వు గీత వేస్తారు. తర్వాత ఎర్ర అచ్చు సరిగ్గా ఆ గీత లోపల పడాలి. వెంట్రుకవాసి జరిగినా పువ్వు తన రంగులోంచి తప్పుకుని నిలబడినట్టుంటుంది. ఝాన్సీ రెండో అచ్చు వేస్తే చూడక్కర్లేదనేవాడు పైడేశ్వరరావు.

ఏడాదిన్నర కిందట ఒక పొద్దున ఆ పిల్ల నన్ను ఎత్తినప్పుడు నాలో నీళ్ళు వణికాయి. మొదట తెలిసింది నాకే. చేతిలో వణుకు కంటికి కనపడకముందే నీటికి తెలుస్తుంది. నెల తిరిగేసరికి ధార గడ్డం మీద పడింది. ఆ తర్వాత పెదవి ఆనించి తాగింది. అయినా పక్కనుంచి కారింది. షెడ్డులో ఎరుపు గీత దాటి పడింది. మాట ముద్దయింది. చిన్నదానికీ పెద్దదానికీ కోపం. ఒకరోజు అచ్చు విసిరికొడితే గోడ సున్నం రాలింది. పక్కింటావిడ గాలి సోకిందన్నది. పైడేశ్వరరావు సగం నమ్మాడు, సగం కళ్ళు మందగించాయనుకున్నాడు. పువ్వు తప్పుతోందంటే కళ్ళే తప్పి ఉండాలి. ముప్ఫై ఏళ్ళు ఆ బల్ల దగ్గర నిలబడ్డవాడికి ఇంకో కారణం తోచదు. సోమవారం బందరు తీసుకెళ్ళి అద్దాలు పెట్టించాలనీ, దానికీ లొంగకపోతే ఆదివారం కాలవ అవతల ఊళ్ళో గాలి తీసే ఆయన దగ్గరికి తీసుకెళ్ళాలనీ అనుకున్నాడు. ఆయనకి కబురు కూడా పంపాడు.

ముత్యాలమ్మ అప్పటిదాకా పొద్దున ఒక గ్లాసుడు పట్టించేదల్లా, పొద్దున చెంబుడు, సాయంత్రం చెంబుడు చేసింది. "నరాలకే తల్లీ, తాగు" అంటూ వెన్ను నిమిరేది. నేను గర్వపడ్డాను. ఆ ఇంట్లో నా అవసరం అంతగా ఎప్పుడూ లేదు.

సోమవారం నన్ను ప్లాస్టిక్ బుట్టలో పెట్టుకుని ఆవిడ కూడా బయల్దేరింది. ధనకుమారి చిన్నదానితో ఇంట్లో ఉండిపోయింది.

కంటి ఆసుపత్రిలో డాక్టరమ్మకి ముప్ఫై ఏళ్ళుంటాయి. ఝాన్సీ గడ్డాన్ని ఒక యంత్రం మీద ఆనించమంది. సన్నటి వెలుగు గీత ఒకటి పిల్ల కంటిలోకి వెళ్ళింది. డాక్టరమ్మ చూసింది. కుర్చీ ముందుకి జరుపుకుని మళ్ళీ చూసింది. 

"చూపు బాగానే ఉందండీ. అద్దాలు అక్కర్లేదు."

"మరి అచ్చు పక్కకెందుకు పోతందండీ?" అన్నాడు పైడేశ్వరరావు.

"చేతులు ముందుకి చాపమ్మా."

ఝాన్సీ చాపింది. రెండు చేతులూ రెక్కల్లా కొట్టుకున్నాయి.

"ఎన్నాళ్ళయింది ఇలా?"

"పొగరండీ. పదో తరగతి పాసైందిగా, నేను చెప్తే వినదు."

"వణకడం పొగరైతే," ఝాన్సీ ఒక్కో మాటా కూడగట్టుకుంటూ అన్నది, "నువ్వూ ఓసారి వణికి చూపించు నాన్నా."

డాక్టరమ్మ నవ్వలేదు. యంత్రం పక్కనున్న తెరని మావైపు తిప్పింది. దాని మీద గోడంత కన్ను. నల్లగుడ్డు అంచున గోధుమా బంగారమూ కలిసిన చుట్టు.

ముత్యాలమ్మ ఒళ్ళోని బుట్ట అంచు మీదుగా నేను చూశాను. నా మెడే అక్కడ చుట్టుకున్నట్టుంది. ఆ క్షణాన్ని ఎలా చెప్పాలో నాకిప్పటికీ తెలియదు. మీరు ఎవరి ఇంట్లోనో ఏళ్ళ తరబడి మంచిగా మెలిగి, ఒకరోజు ఆ ఇంటి పిల్ల ఒంటి మీద మీ వేలిముద్రలు చూశారనుకోండి.

"ఇది రాగి," అన్నది డాక్టరమ్మ. "మనం తినే తిండిలో రాగి కొంచెం ఉంటుంది. మిగిలినదాన్ని కాలేయం బయటికి పంపేయాలి. ఈ పాప కాలేయానికి పుట్టుకతోనే ఆ పని చేతకాదు. అందుకని అది కాలేయంలో, మెదడులో పేరుకుంటూ వచ్చింది. కంట్లో కూడా, ఇదిగో. విల్సన్ జబ్బు అంటారు. విజయవాడలో రక్తం, మూత్రం చూసి ఖాయం చేయాలి. నాకైతే అనుమానం లేదు."

అప్పుడు ఆమె చూపు బుట్ట మీద పడింది.

"ఆ చెంబులో ఏముంది మామ్మగారూ?"

"నీళ్ళు తల్లీ. రాగి నీళ్ళు. రెండు పూటలా చెంబుడు పట్టిస్తన్నా, నరాలకి మంచిదని."

డాక్టరమ్మ ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తర్వాత చాలా నెమ్మదిగా, "ఈ జబ్బు మీ చెంబు వల్ల రాలేదు. ఆ నీళ్ళు మానేస్తే పోయేదీ కాదు. కానీ ఇంక ఒక్క గుక్క కూడా పట్టించకండి" అన్నది.

నా వల్ల కాదట. విన్నాను. తేలికపడాల్సింది. కానీ కాదన్నాక కూడా బరువు పోలేదు. నేరం చేసినవాడికి శిక్ష అయినా ఉంటుంది. మంచి చేస్తున్నాననుకుంటూ విషం పోసినవాడికి ఏమీ ఉండదు, ఆ తర్వాత వచ్చే పొద్దులు తప్ప. ముత్యాలమ్మ చేయి నా మెడ మీదే ఉంది. ఆ చేయి చల్లబడటం నాకు తెలుస్తోంది.

"అమ్మ నుంచి ఒక వాటా, నాన్న నుంచి ఒక వాటా, రెండూ కలిస్తేనే ఇది వస్తుంది. ఆ అమ్మానాన్నల్లో మాత్రం జబ్బు బయటపడదు. మీ భార్య మీకు చుట్టమా?"

"మా అక్క కూతురండీ. ఈవిడే మా అక్క."

డాక్టరమ్మ ఒక కాగితం తీసుకుని ఆడవాళ్ళకి సున్నాలూ మగవాళ్ళకి గళ్ళూ గీసింది. పైన ముత్యాలమ్మ సున్నా, పక్కన తమ్ముడి గడి. కింద ధనకుమారి సున్నా, దాని కింద పిల్లలవి రెండు. ఝాన్సీ సున్నాని పెన్నుతో నల్లగా నింపింది. "జబ్బు ఉన్నవాళ్ళని ఇలా నల్లగా నింపుతాం," అన్నది. లాస్య సున్నాలో ప్రశ్నార్థకం పెట్టింది. "చిన్నదాన్ని కూడా చూపించాలి. బాగానే ఆడుకుంటున్నా సరే. దానికీ ఉంటే, ఏమీ మొదలవకముందే మందు వేసి ఆపేయొచ్చు. పెద్దదానికి ఈ వారంలోనే మొదలుపెట్టాలి. జీవితమంతా వేసుకోవాలి. వేసుకుంటే వణుకు చాలావరకు తగ్గొచ్చు. కాలేయం పూర్తిగా చెడిపోయాక వస్తే మాత్రం నేనేం చెప్పలేను."

పైడేశ్వరరావు లేచి నిలబడ్డాడు. ఆయన మొహంలో ఉన్నది కోపం కాదు. కోపంలా కనపడమని తన భయానికి ఆయనే చెప్పుకుంటున్నాడు.

"మా ఇంట్లో ఇలాంటిది ఎవరికీ లేదండీ. ఇంటా వంటా లేనిది దీనికెక్కణ్ణుంచి వస్తది? అద్దాలు రాస్తే రాయండి. లేదంటే మా ఏర్పాటేదో ఆదివారం మేం చూసుకుంటాం."

"చిన్నతనంలో ఎవరైనా పోయారా? చేతులు వణికి, మాట తడబడి, పొట్ట ఉబ్బి?"

"లేదంటంటే! మా అక్కకి ఒక కొడుకుండేవాడు, మార్కండేయులు. వాడు జ్వరమొచ్చి నాలుగు రోజుల్లో పోయాడు, భివండీలో. అడగండి కావాలంటే. ఏం అక్కా?"

ముత్యాలమ్మ కాగితం మీదికి వంగి తన సున్నా కింద ఖాళీని చూస్తోంది. డాక్టరమ్మ ధనకుమారి సున్నా పక్కన ఒక గడి గీసి, లేడని గుర్తుగా దాని మీద అడ్డంగా ఒక గీత పెట్టింది. లోపల ఖాళీగా వదిలేసింది.

ఇక్కడ మీకు చెప్పకుండా నేను దాటేసిన మూడేళ్ళున్నాయి. మగ్గాలు మూలపడ్డాక ముత్యాలమ్మా భర్తా ధనకుమారిని అమ్మమ్మ దగ్గర వదిలి, కొడుకునీ నన్నూ తీసుకుని బొంబాయి పక్కన భివండీ బట్టల మిల్లుల్లో పనికి వెళ్ళారు. నిండు నూరేళ్ళూ బతకాలని వాడికి ఆ పేరు పెట్టుకున్నారు. అక్కడ, మిల్లు పక్క గదిలో, వాడి చేతుల్లోనూ నా నీళ్ళు వణికాయి. మాట ముద్దయింది. బళ్ళో అయ్యవారికి ఊరు వెళ్ళాడని చెప్పి, మిల్లుకి పోయేటప్పుడు ముత్యాలమ్మ బయట తాళం వేసేది. రోజూ నాతో నీళ్ళు పట్టించేది. ఒకరోజు కిటికీ ఎండలో వాడి నల్లగుడ్డు చుట్టూ బంగారపు చుట్టు మెరిస్తే, ఎంత కళ వచ్చిందో అని మురిసి దిష్టి తీసింది. పద్నాలుగో ఏట వాడు పోయాడు. తిరుగు రైల్లో భార్యాభర్తలు మాట్లాడుకున్నారు. కాళ్ళూ చేతులూ పడిపోయే జబ్బని తెలిస్తే పిల్లకి పెళ్ళవుతుందా? జ్వరమని చెబుదామనుకున్నారు. "నాలుగు రోజులా, వారమా?" అన్నది ముత్యాలమ్మ. "నాలుగు చాలు" అన్నాడాయన. నేను వాళ్ళ కాళ్ళ దగ్గర సంచిలో ఉన్నాను.

నలభై మూడేళ్ళ కథ చెబుతూ ఆ మూడేళ్ళు నేనూ జారవిడిచాను. ఆవిడతో ఇన్నేళ్ళుంటే ఆవిడ మరుపు నాకూ అంటుకున్నట్టుంది. లేకపోతే ఝాన్సీ చేతుల్లో నీళ్ళు వణికిన మొదటి పొద్దునే నాకు గుర్తు రావాలి కదా. ఆవిడకి రావాలి కదా. వచ్చే ఉంటుంది. వచ్చింది కాబట్టే గ్లాసుడు నీళ్ళు చెంబుడయ్యాయి.

"లే అక్కా, పోదాం." పైడేశ్వరరావు కూతురి మణికట్టు పట్టుకుని లేపాడు. పిల్ల వణుకు ఆయన చేతిలోకి పాకింది. ఆయన చేయీ వణికింది. ఆయన ఆ చేతి వైపు చూడకుండా తలుపు తీశాడు. ఝాన్సీ గుమ్మంలో ఆగి వెనక్కి చూసింది.

"అమ్మమ్మా, రా."

ముత్యాలమ్మ నన్ను కింద పెట్టింది. లేవలేదు. కుర్చీలోనే ముందుకి వంగి డాక్టరమ్మ చేతిలోంచి పెన్ను తీసుకుంది. ఆవిడకి రాయడం రాదు. పిడికిట్లో పట్టుకుంది. తమ్ముడు తలుపు దగ్గర నిలబడి, "ఏం చేస్తన్నావే అక్కా?" అన్నాడు. ఆవిడ వినిపించుకోలేదు. కాగితాన్ని ఎడమచేత్తో అదిమిపట్టి, కొడుకు గడిలో ఒక మూల పెన్ను మొన ఆనించి, నల్లగా నింపడం మొదలుపెట్టింది.