చాప కింద ఎవరి తల

మా తమ్ముడు లౌలును ఫోతు దొర చంపించినప్పుడు నేను ఇరవై అడుగుల దూరంలో ఉన్నాను. రాళ్లు మోసేవాళ్లకు కొబ్బరిబొండాలు పట్టుకుని కొండెక్కి అప్పుడే వచ్చాను. కారణం చెబితే మీరు నమ్మరు. మా తమ్ముడి తల దొరగారి తల కంటే ఎత్తులో ఉంది. అంతే.

ఎందుకు ఎత్తులో ఉన్నాడయ్యా అంటే, దొరగారి దిబ్బ కడుతున్నాడు కాబట్టి. పావురాలను వలేసి పట్టడం, సముద్రం దాటొచ్చి మా సమోవాను ఏలుతున్న టోంగా దొరలకు సరదా. ఆ సరదాకు కొండ మీద రాతిదిబ్బ కావాలి. ఏటిలోంచి రాళ్లు తియ్యాలి, దుంగకు కట్టి ఇద్దరిద్దరు భుజాన వేసుకుని పైకెక్కించాలి. ఏడు నెలలుగా మా ఊరి మగాళ్లందరికీ అదే పని. చేమతోటల్లో కలుపు మోకాలెత్తు పెరిగింది. ఆ రోజు పై వరస రాయి కుదురుగా కూర్చోబెట్టమని దొర మనుషులే లౌలును దిబ్బ మీదికి ఎక్కించారు. అదే సమయానికి దొర కిందికి వచ్చి నిలబడ్డాడు. దిగరా అని ఒక్క మాట అనలేదు. పక్కనున్న గదవాడికి గడ్డం ఎత్తి చూపించాడు. లౌలు పైనుంచి నవ్వాడు. దొర పని మెచ్చుకుంటున్నాడనుకున్నాడు, పిచ్చి వెధవ.

వాణ్ణి కిందికి లాగారు. గద ఒక్కసారే పడింది. దిబ్బ ఇంకో రెండు వరసలు లేవాలని చెప్పి దొర వెళ్లిపోయాడు. నా చేతిలో బొండాలు అలాగే ఉన్నాయి.

మా సమోవాలో తమ్ముడికి అక్కంటే ఏమిటో మీకు తెలుసు. వాడు పట్టిన మొదటి చేప నాది. నా మాటకు వాడు ఎదురు చెప్పడు, నా పరువు కోసం ప్రాణమైనా ఇస్తాడు. వాడు చస్తే వాడి పగ నాది. ఆ పగ గురించే చెబుతున్నాను, కాబట్టి నన్ను నెమ్మదిగా మాట్లాడమని ఎవరూ చెప్పకండి.

చంపినవాడు చెయ్యవలసిన పని ఒకటుంది. ఇఫోగా అంటాం. తెల్లవారుతుండగా చనిపోయినవాడి ఇంటి ముందుకు రావాలి. మేలైన చాప తల మీద కప్పుకుని నేల మీద వంగి కూర్చోవాలి. వెంట కట్టెలు, రాళ్లు, ఆకులు తేవాలి. అంటే గుంటపొయ్యికి కావలసినవన్నీ: ఇదిగో నేను, కాలుస్తారో వదిలేస్తారో మీ ఇష్టం అని. ఇంటివాళ్లు వచ్చి చాప ఎత్తితే క్షమించినట్టు. ఎత్తకపోతే చంపొచ్చు, అడిగేవాడు లేడు. ఫోతుకు ఇది తెలియదనుకోకండి. వాడి నాయనమ్మ మా ఊరి పిల్లే. వాళ్ల దొరలకు పెళ్లి జరగాలంటే మా ఆడవాళ్లు అల్లిన మొగలి చాప కావాలి. పచ్చబొట్టు పొడవాలంటే మావాడి చెయ్యి కావాలి, పడవ కట్టాలంటే మావాడి ఉలి కావాలి. మా పిల్లల్ని చేసుకుని, మా చాపల మీద పడుకుని, మా నెత్తికెక్కి కూర్చున్నారు.

మూడు తెల్లవారుజాములు మా వాకిట్లో కూర్చున్నాను. ఎవరూ రాలేదు.

నాలుగో పొద్దున వేయా వచ్చాడు. దొర పడవకు చుక్కాని పట్టే టోంగావాడు. తల్లి మా పక్క దీవి మనిషి. లౌలూ అతనూ కలిసి చేపలకు వెళ్లేవాళ్లు. నా మొహం చూడలేక నేలకేసి చూస్తూ కబురు చెప్పాడు. దొర తల కంటే ఎత్తున నిలబడి లౌలు దోషం చేశాడట. ఆ దోషం పోవాలంటే ఎల్లుండి పొద్దున ఊరంతా దొర వాకిటికి వచ్చి, పెద్దమనిషి చాప కింద వంగి కూర్చోవాలట. ఏ చాపో కూడా దొరే చెప్పాడు. మా ఆడవాళ్లం చాపలు అల్లే ఇంట్లో పూర్తి కావస్తున్న పెద్ద చాప. తర్వాత దాన్ని తన చెల్లెలి పెళ్లికి టోంగా పట్టుకుపోతాడట.

"చచ్చింది మావాడు," అన్నాను. "వంగేది కూడా మేమేనా?"

"చెప్పమన్నది చెప్పాను పువా. చెప్పకపోతే నా తల ఉండదు."

"ఉన్న తలతో ఏం ఉద్ధరిస్తున్నావు?"

అతను వెళ్లిపోయాడు. ఆ మాట అన్నందుకు నేనేమీ బాధపడలేదు.

ఆ మధ్యాహ్నం పెద్దల సభ కూర్చుంది. లోపల స్తంభాలకు చేరగిలి పెద్దమనుషులు, బయట చుట్టూ ఊరు ఊరంతా. ఊరి తరఫున మాట్లాడే పోలతాయి లేచాడు. ఫోతు మన రక్తమేనన్నాడు. ఒక పూట వంగితే నడుములు విరగవన్నాడు. తన తాత కాలంలో పక్క ఊరు ఎదురు తిరిగితే టోంగా పడవలొచ్చి సీమపనస చెట్లన్నీ నరికేశాయనీ, మూడేళ్లు జనం ఆకులు తిన్నారనీ గుర్తుచేశాడు. అందులో అబద్ధమేమీ లేదు. అయినా ఆయన మాట్లాడుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

రాళ్లు మోసే కుర్రాళ్లు ఊరుకోలేదు. దొర ఇంటి మీద పడదాం అన్నారు. దేంతో పడతార్రా అని పోలతాయి అడిగాడు. మా బల్లేలూ గదలూ ఎప్పుడో లాక్కుపోయి దొర తన ఇంట్లోనే పెట్టుకున్నాడు. తిట్టుకున్నారు, తోసుకున్నారు. ఒకడు ఏడ్చాడు కూడా. ఎంతసేపటికీ ఏమీ తేలలేదు.

అప్పుడు ఫుయాతినో లోపలికి వచ్చింది. అల్లే ఇంటికి పెద్ద ఆవిడ. అల్లి అల్లి వేళ్లు వంకర్లు పోయాయి. పెద్దల సభలోకి ఆడవాళ్లు అలా జొరబడరు. ఆవిడ జొరబడి, నడుమ ఉన్న, పెద్దలు తాగే కావా రసం గిన్నె పక్కనే చతికిలబడింది.

"ఆ చాప పద్నాలుగు నెలలు అల్లాం," అంది. "నా కళ్లు దాని మీదే పోయాయి. దాని కింద ఎవరి తల ఉండాలో మీరు మీరు తేల్చుకుంటే ఎలా? మమ్మల్ని అడగరా?"

"సరే అడుగుతున్నాను, చెప్పమ్మా," అన్నాడు పోలతాయి. "దొర రమ్మన్నాడు. పోకుండా కుదురుతుందా?"

"ఎందుకు మానాలి? పోదాం. కట్టెలు పట్టుకెళ్దాం, రాళ్లు పట్టుకెళ్దాం, ఆకులు పట్టుకెళ్దాం. చాప పరుద్దాం. కింద మాత్రం మనం ఎవరం కూర్చోవద్దు. పొయ్యి రాజేసి, ఈ చోటు నీది నాయనా, దిగిరా అందాం."

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. ముందు ఒక మోతగాడు నవ్వాడు. ఆ నవ్వు వెనక నుంచి ముందుకు పాకింది. పోలతాయి మాత్రం నవ్వలేదు. ఆచారాన్ని బెదిరింపుకు వాడితే రేపు మన ఇఫోగాను ఎవడు నమ్ముతాడని అడిగాడు. మంచి ప్రశ్నే. జవాబు నేను చెప్పాను.

"ఆచారం తప్పింది మనం కాదు తాతా. మూడు పొద్దులు వాకిట్లో కూర్చున్నాను. వాడు రాలేదు కాబట్టి మనమే పోతున్నాం. ఎల్లుండి వంగామంటే, ఇక మన తలలు ఎంత ఎత్తుండాలో రోజూ వాడే కొలుస్తాడు."

ఆయన తల అడ్డంగా ఊపాడు. కానీ దొర వాకిటికి బయల్దేరిన పొద్దున జనంలో చూస్తే ఆయన భుజాన కూడా ఒక దుంగ ఉంది. పెద్దాయన మీద నాకున్న కోపం సగం దిగిపోయింది.

రెండు వందల మందిమి వెళ్లాం. దొర ఇల్లు సముద్రం ఒడ్డున ఎత్తయిన రాతి అరుగు మీద ఉంది. అరుగు ముందు గుంట తవ్వాం. కట్టెలు పేర్చాం, రాళ్లు పేర్చాం, నిప్పు పెట్టాం. పొయ్యిలో పట్టని రాళ్లు అందరి ఒళ్లోనూ ఉన్నాయి. చాపను నేల మీద పరిచి చుట్టూ కూర్చున్నాం. మొగలి ఆకును వెంట్రుకల్లా చీల్చి అల్లిన చాప అది. గుడ్డ కంటే మెత్తన. ఎండ పడేసరికి మెరిసింది.

ఫోతు నిద్రమొహంతో బయటికొచ్చాడు. వంగిన వీపులు చూద్దామని వచ్చినవాడికి నిటారుగా ఉన్న తలలు కనబడ్డాయి. వాడి వెనక పదిహేను మంది బల్లేలవాళ్లు, పెళ్లి ప్రయాణానికి సిద్ధమైన నలభై మంది పడవవాళ్లు ఉన్నారు.

"ఫోతూ," అని పిలిచింది ఫుయాతినో. "మీ నాయనమ్మా నేనూ ఒకే ఇంట్లో చాపలల్లాం. వరసకు నేనూ నీకు నాయనమ్మనే. దిగిరా నాయనా. నీ చోటు పరిచే ఉంచాం."

వాడు నవ్వాడు. బల్లేలవాళ్లను ముందుకు నడవమన్నాడు. వాళ్లు రెండడుగులు వేసి, మా ఒళ్లో ఉన్న రాళ్లను చూసి ఆగిపోయారు. ఫోతు తెలివైనవాడు. వెంటనే దారి మార్చాడు. వేయా మెడ పట్టుకుని అరుగు మీద నుంచి కిందికి తోశాడు.

"మీకు చాప కింద ఒక తల కావాలి, అంతేగా," అన్నాడు. "ఇదిగో, తీసుకోండి. తలకు తల చెల్లిపోయింది."

వేయా నడిచి వచ్చి కూర్చుని, చాప తనే తల మీదికి లాక్కున్నాడు. అందరూ నా వైపే చూశారు. ఎత్తే హక్కు నాది, ఎత్తకుండా ఉండే హక్కూ నాదే. అబద్ధమెందుకు, ఒక్క క్షణం నాకు ఎవరి తలైనా ఫరవాలేదనిపించింది. టోంగా తల అయితే చాలనిపించింది. అప్పుడు చాప కింద నుంచి బయటికి వచ్చిన అతని పాదాలు చూశాను. మడమలు పగిలి నెత్తురు చారలు కట్టి ఉన్నాయి. మా లౌలు పాదాలూ అలాగే ఉండేవి. లేచి వెళ్లి చాప ఎత్తాను.

"లే వేయా. నీతో నాకు పగ లేదు," అన్నాను. పడవవాళ్లకు వినబడేలా గొంతు పెంచాను. "తన తల కాచుకోడానికి మీ తలలు పారేస్తున్నాడు. చూస్తున్నారుగా."

వేయా లేచాడు. అరుగు వైపు వెళ్లలేదు. కట్టెల మోపులోంచి ఒక దుంగ తీసుకుని పొయ్యిలో పెట్టి, మా మగాళ్ల మధ్య కూర్చున్నాడు. అరుగు మీద నుంచి ఒక ముసలి పడవవాడు దిగాడు. "చచ్చాక పరలోకం దొరలకే, మాలాంటి మామూలు జనానికి లేదని చెబుతారు," అన్నాడు ఎవరితోనో అన్నట్టు. "బతికుండగా కూడా లేదని ఇవాళ తెలిసింది." వచ్చి వేయా పక్కన కూర్చున్నాడు. అతని వెనక నలుగురు దిగారు. తర్వాత లెక్క తెలియలేదు. దొర ఒక్కొక్కణ్ణీ పేరు పెట్టి పిలిచాడు, బెదిరించాడు, వాళ్ల తండ్రుల్ని తిట్టాడు. ఎవరూ వెనక్కి తిరగలేదు. మళ్లీ చూసేసరికి బల్లేలవాళ్లు కూడా లేరు. ఇంటి వెనక నుంచి అడవిలోకి జారుకున్నారు.

పొయ్యిలో రాళ్లు ఎర్రబడుతుండగా ఫోతు ఒక్కడే దిగివచ్చాడు. ఎవరి వైపూ చూడకుండా చాప కింద కూర్చున్నాడు. మా తాతల కాలంలో కూడా ఎవరూ చూడనిది చూశాం.

పోలతాయి నా దగ్గరికి వచ్చి చెవిలో చెప్పాడు. "కూర్చున్నాడు పువా. ఇదే మనం కోరింది. ఎత్తు తల్లీ. ఎత్తితే వాడి కంటే మనం గొప్పవాళ్లమవుతాం."

"నాకు గొప్పతనం వద్దు తాతా," అన్నాను. "నాకు నా తమ్ముడు కావాలి. తెస్తావా?"

తర్వాత అల్లే ఇంటి ఆడవాళ్ల వైపు తిరిగాను. దిబ్బ మొదలైనప్పటి నుంచి ఆ కొండ మీద భర్త పోయినవాళ్లున్నారు, కొడుకు పోయినవాళ్లున్నారు. మీలో ఎవరికైనా ఎత్తాలనుంటే ఎత్తండి, నేను అడ్డురాను అన్నాను. ఫుయాతినో వేళ్లు వంకర్లు పోయిన తన చేతులు రెండూ తొడల కింద పెట్టుకుంది. మిగతా ఆడవాళ్లూ అలాగే పెట్టుకున్నారు.

ఎండెక్కింది. చాప లోపలి నుంచి వాడి గొంతు వచ్చింది. దిబ్బ ఆపేస్తానన్నాడు. మా బల్లేలు మాకిస్తానన్నాడు. కాసేపాగి నాయనమ్మ పేరెత్తాడు. ఇంకాసేపాగి, టోంగా నుంచి పడవలొస్తాయి, మీ పిల్లల్ని కూడా వదలను అన్నాడు. ఆ ఆఖరి మాట నిజం. అయినా ఎవరం చాప ఎత్తలేదు.

చివరికి వాడే చాప విసిరేసి లేచి ఇసకలోకి పరిగెత్తాడు. పెళ్లి పడవ అక్కడుంది. వంద మంది లాగితే గానీ కదలని జోడుపడవ. ఫోతు దానికి భుజం ఆన్చి ఒక్కడే తోశాడు. కాళ్లు ఇసకలో దిగబడ్డాయి. మళ్లీ తోశాడు. అది జానెడు కూడా జరగలేదు. అప్పుడు వెనక్కి తిరిగి, పుట్టినప్పటి నుంచీ ఉన్న అలవాటు కదా, మమ్మల్ని చూసి గద్దించాడు.

"చూస్తారేంట్రా. వచ్చి పట్టండి."

వెళ్లాం. అందరం వెళ్లాం, మోతగాళ్లూ, అల్లేవాళ్లూ, పడవవాళ్లూ. పోలతాయి కూడా వచ్చాడు. మొదటి రాయి నాది. గురి తప్పలేదు. ఆ తర్వాత ఎవరిది ఏ రాయో చెప్పడం కుదరదు. బాధ పడ్డావా అని నన్ను చాలామంది అడిగారు. లేదు. ఆ పూట చేమదుంపలు కడుపునిండా తిన్నాను, లౌలు పోయాక మొదటిసారి.

పొద్దువాలే వేళకు పక్క ఊరి నుంచి ఎనిమిది మంది నడిచి వచ్చారు. వాళ్లలో ఇద్దరి వీపుల మీద పచ్చి దెబ్బలున్నాయి. శవాన్ని చూపిస్తామంటే వద్దన్నారు. గుంట దగ్గర గొంతుకు కూర్చుని, కాలే కట్టెల వంక చూస్తూ, అందులోంచి కాస్త నిప్పు ఇస్తావా అక్కా అని అడిగారు. వాళ్ల దొర వాకిట్లో కూడా గుంట తవ్వి వచ్చారట.

కొబ్బరిచిప్పలో బూడిద పరిచి, దాని మీద కణికలు పెట్టి, నా చేత్తోనే ఇచ్చాను.