కడియం కోయాలంటే

మా అత్తగారి కుడికాలి కడియం వెంటనే కోయించాలని ఆస్పత్రి నుంచి ఫోనులో చెప్పి గంటయింది. ఆ గంటలో కాలి వాపూ పెరిగింది, ఆవిడ మొండితనమూ పెరిగింది.

అంతటికీ కారణం మేకలకు కొమ్మలు విరుస్తుంటే గుచ్చుకున్న తుమ్మముల్లు. పసుపు పెట్టారు, వేపాకు నూరి కట్టారు, పక్కింటావిడ వచ్చి మంత్రం కూడా వేసి వెళ్ళింది. చీము మాత్రం ఎవరి మాటా వినలేదు. తెల్లారేసరికి పాదం గుమ్మడికాయంత అయింది. కడియం కండలోకి దిగబడి, వేళ్ళు వంకాయ రంగుకు తిరుగుతున్నాయి.

"అంత లావు వెండి కోసే పనిముట్టు మా దగ్గర లేదు. అక్కడే తీయించి తీసుకురండి. ఆలస్యం చేస్తే పాదమే తీయాల్సి వస్తుంది," అన్నాడు డాక్టరు. మా ఆయన హర్జీ అప్పటినుంచీ వాకిట్లో జీపెక్కి స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. నేను మా ఎడారి జిల్లా బార్మేరు కాలేజీలో వృక్షశాస్త్రం చదివాను. తుమ్మచెట్టు శాస్త్రీయ నామం చెప్పగలను. వాపు మీద అది పనిచేయదు.

నా తరం వాళ్ళం కొక్కెం ఉన్న పట్టీలతో సరిపెట్టుకున్నాం. అత్తగారి తరం కడియాలకు కొక్కేలు లేవు. కాపురానికొచ్చిన రోజున కంసాలి బొటనవేలంత లావు వెండి కడ్డీని కాలి చుట్టూ వంచి బిగిస్తాడు. మళ్ళీ అతను రంపం తెచ్చేది ఆమె మొగుడు పోయిన రోజునే.

అందుకే కంసాలి జేఠమల్ సంచి పట్టుకుని వచ్చి, మామగారి నులకమంచం దగ్గరే ఆగిపోయాడు. ఆయన నారింజ రంగు పాగా వంక చూశాడు, మొహం వంక చూశాడు.

"పేమారామ్‌జీ, మీరింత నిక్షేపంగా కూర్చుని ఉండగా ఈ పని చెయ్యమంటున్నారే."

"ఏం చెయ్యమంటావు? కాసేపు చచ్చిపోనా?" అన్నారు మామగారు.

లోపలినుంచి అత్తగారు అందుకున్నారు. "రంపం గుమ్మం దాటిందంటే తంతాను."

"ఆ కాలు లేవదత్తయ్యా," అన్నాను.

"రెండోదుందిగా."

"పాదం పోతుందంటున్నారు."

"పోనీ. ఒంటికాలితో బతికినవాళ్ళు లేరా? మా వదిన సుగ్నీని చూడు, మెరుగు పెట్టించుకుంటానని కోయించుకుంది. ఏడాది తిరక్కుండా అన్న పోయాడు."

"ఆయన రోజూ సారా తాగేవారట కదా."

"తాగాడు. కడియం ఉన్నన్నాళ్ళూ ఏమన్నా అయిందా?"

వేళ్ళు తాకి చూశాను. చల్లగా ఉన్నాయి.

ముసుగు లాక్కుని గుమ్మం దాకా వచ్చాను. మామగారితో కోడళ్ళు నేరుగా మాట్లాడరు. అవసరమైతే ఆయనకు వినబడేలా ఇంకెవరితోనైనా మాట్లాడాలి. జేఠమల్ పరాయి మగవాడు, ఇంకెవరూ లేరు కనక నీళ్ళకుండతో మాట్లాడాను.

"వేళ్ళు చల్లబడిపోతున్నాయి. నొక్కినా తెలియడం లేదట. కొడుకు మాట వినరు, నా మాట వినరు. ఎవరి కోసం ఈ పట్టు పట్టారో ఆ మనిషేమో మంచం దిగరు. నీకేమైనా తోస్తోందా?"

కుండకు బదులు మంచం కిర్రుమంది.

పగటిపూట మామగారు ఆ గదిలోకి రావడం నేనెప్పుడూ చూడలేదు. అత్తగారు చప్పున ఓఢ్నీ మొహం మీదికి లాక్కున్నారు. మోచేయి దాటి ఉన్న గాజులన్నీ గలగలమన్నాయి.

"కోయించుకో," అన్నారాయన.

"కోయించుకోను. అది మీ ఆయుష్షు."

"నా ఆయుష్షా? మరి దాన్నేసుకుని ఇన్నేళ్ళూ మేకపెంటికల్లో తిరిగావా?"

"నవ్వులాట కాదు."

"నేను నవ్వడం లేదు."

ఆయన చేతులు పైకెత్తి పాగా కొస కోసం తడుముకున్నారు. మా వైపు మగవాడు పాగా తీసి ఎవరి పాదాల దగ్గరైనా పెట్టాడంటే, ఆ పైన బతిమాలడానికి అతని దగ్గర ఇంకేమీ లేదని అర్థం. పగవాడి ముందు పెట్టినవాళ్ళున్నారు. పెళ్ళాం ముందు పెట్టినవాడి సంగతి ఎవరూ చెప్పగా వినలేదు.

ఒక చుట్టు విడింది. గుమ్మంలో నిలబడ్డ జేఠమల్ గోడవైపు తిరిగిపోయాడు.

"ఏం చేస్తున్నారు?"

"నీ కాళ్ళ దగ్గర పెడుతున్నాను."

"కోడలు చూస్తోంది."

"చూడనీ. ఊరంతా చూడనీ."

"బోడితలతో నిలబడతారా? నేను బతికుండగా?"

"ఇప్పుడే నిలబడాలి. కాలు పోయాక పెట్టడానికి చోటుండదు."

ఇంకో చుట్టు జారి భుజం మీద పడింది. పలచటి తెల్లజుట్టు కొంచెం బయటపడింది. అత్తగారు ముసుగులోనే కళ్ళు మూసుకున్నట్టున్నారు.

"చుట్టుకోండి. ముందు అది చుట్టుకోండి," అన్నారు. తర్వాత, "జేఠమల్, గోడకేం చూస్తావు, రా."

వెండికీ చర్మానికీ మధ్య చోటే లేదు. జేఠమల్ నూనె పోసి, చెంచా కాడ దూర్చి, దాని మీద రంపం పెట్టాడు. అత్తగారు కాలివంక చూడలేదు. మామగారి ఛాతీనే చూస్తున్నారు, రంపం లాగినప్పుడల్లా ఊపిరి ఆడుతోందా లేదా అని. అది కనిపెట్టి ఆయన అందరికీ వినబడేలా ఊపిరి పీల్చసాగారు.

మధ్యలో ఆయనకు పొలమారింది. రంపం ఆగింది. ముగ్గురం ఆయన్నే చూశాం.

"దుమ్ము," అన్నారాయన. "కానివ్వు."

చివరికి వెండి తెగింది. హర్జీ వచ్చి ఒక కొస, జేఠమల్ ఒక కొస పట్టుకుని విడదీశారు. అత్తగారు పళ్ళ బిగువున అరుపు ఆపుకున్నారు. నేను బొటనవేలు నొక్కి వదిలాను. చాలాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత వంకాయ రంగు అడుగునుంచి సన్నగా ఎరుపు పాకింది.

"రక్తం వస్తోందత్తయ్యా వేళ్ళకి."

"ఆయనకెలా ఉంది?"

ఆవిడను మోసుకెళ్ళి జీపు వెనకసీట్లో పడుకోబెట్టి, పాదం నా ఒళ్ళో పెట్టుకున్నాను. మామగారు ముందుసీటు తలుపు తీశారు.

"అక్కడుంటే నాకు కనబడరు," అన్నారు అత్తగారు నాతో.

జన్మలో నలుగురి ముందు మొగుడి పక్కన కూర్చోని మనిషి. ఆయన వెనక్కొచ్చి ఆవిడ తలదగ్గర ఇరుక్కుని కూర్చున్నారు. ఇసుకదారిలో జీపు ఎగిరెగిరి పడుతోంది.

"తల కిటికీలోంచి బయటపెట్టొద్దని చెప్పు," అన్నారావిడ, జానెడు దూరంలో ఉన్న మనిషి గురించి. ఆయన తల లోపలికి తీసుకున్నారు. "ఒరే హర్జీ, మెల్లగా పోనీరా."

"మెల్లగా పోతే ఎలాగమ్మా, నీ కాలు..."

"కాలిదేముంది. మీ నాన్నకి కుదుపులు పడవు."

నేను మళ్ళీ వేలు నొక్కి వదిలాను. ఎరుపు ఈసారి ఇందాకటికన్నా త్వరగా వచ్చింది. హర్జీ మెల్లగా పోనివ్వలేదు.