తెగిన రేకు

గొంతు ఆపరేషన్‌తో నాన్నకు మాట పూర్తిగా పోయింది. నలభై ఏళ్లు రోజూ పొద్దున్నే హామ్ రేడియో సెట్టులో దూరపు ఊళ్ల నేస్తాలతో లోకాభిరామాయణం సాగించిన మనిషి, ఇప్పుడు చెప్పాల్సిందంతా నోటుపుస్తకంలో రాస్తున్నాడు. ఆ రేడియో లైసెన్సు ఉన్న కూతురు ఆయన బదులు తాను మాట్లాడతానంది. "నా మైకులోనే మాట్లాడు" అని రాశాడాయన.

అది ఆయన పెళ్లికి ముందు కొనుక్కున్న రిబ్బన్ మైకు. లోపల వెంట్రుక కన్నా పల్చని అల్యూమినియం రేకు ఉంటుంది. మాటకు కదిలేది అదే. దాన్ని కొత్త రేడియో సెట్టుకు కలిపే పని టీవీలు బాగుచేసే కొడుకు మీద పడింది. కొత్త సెట్లు తమ మైకుల కోసం తీగలోకి కాస్త కరెంటు పంపుతాయి. మధ్యలో కెపాసిటర్ పెట్టి దాన్ని ఆపాలి, లేకపోతే రేకు తట్టుకోలేదు. ఆ సంగతి అతనికి తెలుసు. షాపుకు వేళవుతోందని, ఒక్కసారి చూద్దామని నేరుగా తగిలించాడు. రేకు తెగింది.

ఎవరికీ చెప్పలేదు. చవక మైకు ముక్కొకటి ఆ పాత డొప్పలో కూర్చోబెట్టి మూత బిగించేశాడు.

ఆదివారం పొద్దున అక్క మాట్లాడింది. అవతల నుంచి నాన్న నేస్తమొకాయన, "మైకు అదే, గొంతే మారిందమ్మాయ్. మీ నాన్నకంటే నువ్వే నయం, మధ్యలో ఊపిరైనా పీలుస్తున్నావు" అన్నాడు. అక్క నవ్వింది. తమ్ముడు తేలుకుట్టిన దొంగలా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

బయటికి వెళ్తున్న మాటను హెడ్‌ఫోన్లలో వింటున్న నాన్న వాటిని తీసేశాడు. "లోపల ఏముంది?" అని రాసి పుస్తకం కొడుకు వైపు తిప్పాడు.

కొడుకు దగ్గరికొచ్చి చదివాడు. "రేకు తెగింది నాన్నా. తొందరపడ్డాను."

"ఎప్పుడురా?" అంది అక్క.

"బుధవారం."

"నాలుగు రోజులు మా పక్కనే కూర్చుని భోంచేశావు కదరా. ఒక్క మాట చెప్పలేకపోయావా?"

నాన్న రాశాడు: "రేకుదేముంది, కొత్తది వేయొచ్చు. నన్ను చెవిటివాణ్ణి కూడా అనుకున్నావు."

ఆ తర్వాత కొడుక్కి ఏమీ రాయలేదు. మాటలేని మనిషి రాయడం కూడా మానేస్తే ఆ ఇంట్లో మసలడం ఎంత కష్టమో అతనికి వారంలోనే తెలిసొచ్చింది. రేకు తెప్పించాడు. మూడు చించుకుని, నాలుగోది బిగించాడు. ఈసారి కెపాసిటర్ పెట్టాకే తీగ కలిపాడు. నాన్న పక్కనే కూర్చుని చూశాడు. రేకు జారబోయినప్పుడు అతని మణికట్టు పట్టుకుని, పని కాగానే వదిలేశాడు.

"సన్నగా వినబడుతోందమ్మా, దగ్గరగా మాట్లాడు" అన్నాడు మర్నాడు పొద్దున రేడియోలో నేస్తం. అక్క మొహం మైకుకు ఆనించి మళ్లీ మొదలుపెట్టింది. నాన్న కళ్లు మూసుకుని విన్నాడు. కొడుకు నోటుపుస్తకం ఆయన చేతి దగ్గరికి జరిపాడు. ఆయన పెన్ను అందుకున్నాడు కానీ, రాసింది అక్కకే: "నెమ్మదిగా."