పేరు కొట్టిన గ్లాసులు

కరీం బాషా ముప్ఫై ఏళ్ళుగా కురుపాం మార్కెట్ దగ్గర ఒక ఇత్తడి కొట్టు అరుగు మీద చాప పరుచుకుని గిన్నెల మీద పేర్లు కొడుతున్నాడు. చిన్న ఉలి, చిన్న సుత్తి, చుక్క పక్కన చుక్క. టౌన్లో ఎవరింట పెళ్ళో, ఎవరింట బారసాలో, ఎవరు పోయారో ఆయన్ని అడిగితే తెలిసిపోయేది. పెళ్ళి బిందెకైతే ఇద్దరి పేర్లూ, కింద తేదీ. పోయినవాళ్ళకైతే స్టీలు గ్లాసులు, వాటి మీద పేరు, కింద జ్ఞాపకార్థం అన్న ముక్క. ఆ గ్లాసులు పెద్దకర్మ నాడు భోజనానికి వచ్చినవాళ్ళకి తలా ఒకటి పంచుతారు.

ఎనభై ఒకటిలో, దసరా ఇంకా రాకముందే, ద్వారకా నగర్ నుంచి గురునాథరావు కబురు పెట్టాడు. ఆయనది పెద్ద స్టీలు సామాన్ల షాపు. బంగ్లాదేశ్ యుద్ధం అయి డిసెంబరుకి పదేళ్ళు నిండుతాయి. ఆ యుద్ధంలో పోయిన ఈ చుట్టుపక్కల జవాన్లు తొమ్మిది మంది. వాళ్ళ పేర్లతో బీచి రోడ్డులో రాతిస్తంభం ఒకటి నిలబెట్టాలని ఆయన కోరిక. అందుకు స్మారక గ్లాసులు అమ్ముతాడట. ఒక్కో జవాను పేరుతో వంద గ్లాసులు, లాభమంతా స్తంభానికే. షాపులో కూర్చున్న పెద్దమనిషెవరో, చచ్చిపోయినవాళ్ళ పేరు మీద బేరమేంటండీ, చందా వసూలు చెయ్యొచ్చు కదా అన్నాడు. చందా అడిగితే రేపు రమ్మంటారు, అదే చేతిలో వస్తువు పెడితే కాదనరు అని గురునాథరావు జవాబు. చెబుతుంటే ఆయన కళ్ళు చెమర్చాయి. దొంగ మనిషి కాడు పాపం. దొంగ అయితే ఈ కథ ఇంత దూరం వచ్చేదే కాదు.

కరీం బాషాకి ఆ క్షణంలోనే తెలిసిపోయింది, ఈ గ్లాసులు అమ్ముడుపోవని. పోయినవాడి పేరున్న గ్లాసంటే పెద్దకర్మ గ్లాసే. ఊరికే ఇస్తే దణ్ణం పెట్టి పుచ్చుకుంటారు గానీ డబ్బిచ్చి కొని ఇంటికి తెచ్చుకునేవాళ్ళని ఆయన ఇంతవరకూ చూడలేదు. నోరు తెరిచి చెప్పాల్సిన మాట అది. చెప్పలేదు.

చెప్పకపోవడానికి కారణముంది. యుద్ధం రోజుల్లో సముద్రం ఒడ్డు ఊరని దీపాలన్నీ ఆర్పించేశారు. ఒక సాయంత్రం పొద్దుగూకాక కరీం బాషా మరిచిపోయి బీడీ వెలిగించాడు. ఎవరికి సైగ చేస్తున్నావని కానిస్టేబులు ఆయన్ని వీధిలో నిలబెట్టి గంటసేపు అడిగాడు. రోజూ పలకరించే ఇరుగుపొరుగు కిటికీల వెనక నుంచి చూశారే గానీ ఒక్కడూ వచ్చి, ఈయన మా బాషా అనలేదు. ఆనాటి నుంచి యుద్ధం మాటొస్తే ఆయన తల దించుకుని పని చూసుకుంటాడు. జవాన్ల గ్లాసులు ఎవరూ కొనరండీ అన్న మాట కరీం బాషా నోటి నుంచి వస్తే ఎవడు ఎలా తీసుకుంటాడో ఎవరికి తెలుసు? సరే షావుకారు గారూ అని గ్లాసులు బండికెత్తించుకున్నాడు.

ఎనిమిది పేర్లకి ఇబ్బంది లేదు. తొమ్మిదోది తవిటయ్య. అతని భార్య చిలకమ్మ కూర్మన్నపాలెంలో, స్టీల్ ప్లాంటు క్వార్టర్లు కట్టేచోట తట్టలు మోస్తుంది. అతని పేరు కొట్టడానికి ఒప్పుకోమని అడగడానికి గురునాథరావు మనుషులు రెండుసార్లు వెళ్ళొచ్చారు. మా ఆయన పోనాడని ఎవలు సెప్పినారని రెండుసార్లూ పంపించేసింది. ఆమెకొచ్చిన సర్కారు కాయితంలో జాడ తెలియలేదని, మరణించి ఉండవచ్చని మాత్రమే ఉంది. ఆ ఉండవచ్చు అన్న మాట పట్టుకుని పదేళ్ళుగా నుదుట బొట్టు చెరపలేదు, గాజులు తియ్యలేదు. ఊరంతా నోళ్ళు నొక్కుకున్నా ఖాతరు చెయ్యలేదు.

గురునాథరావు కరీం బాషానే వెళ్ళమన్నాడు. పెళ్ళికి తవిటయ్య కొన్న ఇత్తడి బిందె మీద పేర్లు కొట్టింది ఈయనే. ఆ బిందెలో నీళ్ళే ముంచి ఇచ్చింది చిలకమ్మ, సాయిబుగారూ కూకోండి అంటూ.

గ్లాసులు అమ్ముడుపోవన్న నిజం ఆమెకైనా చెప్పాలనుకుని వెళ్ళాడు, చెప్పింది వేరు. గ్లాసుల సంగతి పైపైన చెప్పి స్తంభం గురించి మొదలెట్టాడు. మా అబ్బాజాన్‌కి గోరీ ఉంది, పండక్కి వెళ్ళి కూర్చుంటాను, కాస్త గుండె బరువు తగ్గుతుంది అన్నాడు.

"నీకు ఆ కూర్చునే చోటు కూడా లేదు చెల్లెమ్మా. రాయి పడితే అతని పేరుకి ఒక చోటుంటుంది. దీపం పెట్టుకోవచ్చు."

చిలకమ్మ బిందె మీది పేర్ల కేసి చూసింది. తరవాత ఒక్కటే అడిగింది.

"రాయి పడతాది గదా? నిజింగా పడతాది గదా?"

"పడుతుంది," అన్నాడు కరీం బాషా. పడదని తెలిసీ అన్నాడు. ఆ మాట అనేటప్పుడు తన గొంతు ఎంత నిబ్బరంగా పలికిందో తలుచుకుని తరవాత ఎన్నోసార్లు తనని తాను తిట్టుకున్నాడు.

వారం తిరక్కుండా చిలకమ్మ కర్మ చేయించింది. శవం లేదు కాబట్టి దర్భలతో బొమ్మ చేసి కాల్చారట. ఆ పైవారం అరుగు దగ్గరికి వచ్చి నిలబడితే కరీం బాషా గుర్తుపట్టలేదు. నుదురు బోసిగా ఉంది. చేతులు బోసిగా ఉన్నాయి. మొదటి గ్లాసు మీద తవిటయ్య పేరు కొడుతుంటే చివరి చుక్క దాకా నిలబడి చూసి వెళ్ళిపోయింది.

డిసెంబరులో గ్లాసుల్ని షాపు ముందు గోపురంలా పేర్చి, పైన జెండా పెట్టారు. జనం ఆగారు. ఒక గ్లాసు తీసి, తిప్పి, పేరు చదివి, మెల్లగా ఎక్కడిదక్కడ పెట్టేశారు. "ఎవల పెద్దకర్మవి బావా ఇవి?" అని ఒకాయన పక్కాయన్ని అడిగాడు. ఆ ఒక్క మాటతో వెనకున్నవాళ్ళు కూడా చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఆఫీసర్లు నలుగురైదుగురు మొహమాటానికి కొన్నారు. గురునాథరావు తన ఇంటికి ఒక డజను పంపితే ఆయన భార్య వాటిని గుమ్మం దాటనివ్వలేదు.

సంక్రాంతి పోయింది, శివరాత్రి పోయింది. గోపురం మీద దుమ్ము పడింది. పెళ్ళిళ్ళ రోజులు దగ్గరపడ్డాయి, స్టీలు గ్లాసులకి గిరాకీ వచ్చింది. గురునాథరావు బాధపడ్డాడు, నిజంగానే బాధపడ్డాడు. పడుతూనే గ్లాసులన్నిటినీ మూటలు కట్టించి ఆటోనగర్ పంపాడు. పాలిష్ చక్రానికి ఒత్తితే పేర్లన్నీ రెండు రోజుల్లో పోయాయి. పెళ్ళివారి పేర్లు కొట్టమని అవే గ్లాసులు మళ్ళీ కరీం బాషా అరుగు మీదికి వచ్చాయి. రాతిస్తంభం మాట అడిగితే షావుకారు ఎటో చూస్తూ, జనానికి దేశభక్తి లేదు బాషా అన్నాడు.

ఆ మాటకి కరీం బాషాకి ఒళ్ళు మండింది. దేశభక్తి లేక కాదు, పెద్దకర్మ గ్లాసు కొనే అలవాటు లేక అని అప్పుడైనా అనొచ్చు. అప్పుడూ అనలేదు. ఉలి తీసుకుని కూర్చున్నాడు.

చిలకమ్మ ఒక ఆదివారం పొద్దున వచ్చింది. చేతిసంచిలో ప్రమిద, నూనె సీసా, వత్తులు. బీచి రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరికి రెండుసార్లు నడిచిందట. రాయి ఎక్కడా కనబడలేదట. ఎక్కడ పెట్టారో చెబితే వెళ్ళి దీపం పెట్టుకుంటానంది.

కరీం బాషా చెప్పాడు. ఈసారి ఏదీ దాచలేదు. గ్లాసులు అమ్ముడుపోవని మొదటిరోజే తనకి తెలుసన్నది కూడా చెప్పాడు. చెబుతున్నంతసేపూ సుత్తి చేతిలోనే ఉంది. ఒళ్ళో ఉన్న గ్లాసు మీద పెళ్ళికొడుకు పేరు పూర్తయి, పెళ్ళికూతురు పేరు సగంలో ఉంది.

ఆమె తిడితే బాగుండుననుకున్నాడు. తిట్టలేదు. అరుగు మీద వరసగా మెరుస్తున్న గ్లాసుల కేసి చూసింది.

"ఇందల మా ఆయనది ఏది?"

ఆయనకి తెలియదు. ఎవరికీ తెలియదు. చిలకమ్మ ఒకటి తీసి, చుట్టూ తిప్పి, వేలితో తడిమి చూసి, మళ్ళీ ఆ వరసలోనే పెట్టింది. తరవాత ఆయన మొహంలోకి చూసింది.

"పేరు సెరిపీసినారు గదా. మరి నాను మళ్ళీ బొట్టెట్టుకోనా సాయిబుగారూ?"

ఎగతాళి కాదు, ఏడుపు కాదు. తెలిసినవాళ్ళని సంగతి అడిగినట్టు అడిగింది. జవాబు కోసం సంచి పట్టుకుని అక్కడే నిలబడింది.